వేలిముద్ర పడని చేతులు

రేషన్ మిషను నన్ను మళ్ళీ కాదంది.
కుడి బొటనవేలు పెట్టాను, ఎర్రలైటు.
కొంగుకి తుడిచి పెట్టాను, ఎర్రలైటు.
"ఇంకో వేలెట్టమ్మా" అన్నాడు డీలరు.
పదీ అయిపోయాక
కాలివేళ్ళ వైపు చూసుకున్నాను.
వెనక వరసలో ఎవరో నవ్వారు, నేనూ నవ్వాను.
సంచి మడత విప్పకుండానే ఇంటికొచ్చింది.

పద్ధెనిమిదేళ్ళు పలాసలో జీడిపిక్క కొట్టిన వేళ్ళివి.
పెంకులో దాగిన నూనె
ముందు గోరు తింటాది, తర్వాత చర్మం,
ఆ తర్వాత గీతలు.
బూడిద రాసినా, ఆముదం రాసినా
తన వాటా తను తీసుకునే పోతాది.
లోపల పప్పు మాత్రం
పురిటిబిడ్డ చెవిలా వంకర తిరిగి
ఏమీ ఎరగనట్టు పడుకుని ఉంటాది.

గుండు ఒక బుట్ట, బద్ద ఒక బుట్ట,
ముక్క ఇంకో బుట్ట.
ముక్క ఎక్కువైతే తూకం దగ్గర
మేస్త్రి మొహం చిట్లిస్తాడు.
కొత్తల్లో ప్రార్థన చేసేదాన్ని:
ప్రభువా, ఈ ఒక్క పిక్క విరగకుండా చూడు.
ఆయన వినేవాడు కాదు.
కొయ్యసుత్తి ఎక్కడ పడాలో
నా చెయ్యే నేర్చుకునేదాకా ఊరుకున్నాడు.
అదే జవాబని తెలియడానికి
రెండేళ్ళు పట్టింది. మూడు గోళ్ళు ఊడాయి.

సాయంత్రం గేటు దగ్గర ఇంకో వరస.
"చేతులు చూపించు."
చూపిస్తాం, అటూ ఇటూ తిప్పి,
కొంగు దులిపి, టిఫిను డబ్బా బోర్లించి.
నా ముందు నిలబడే నీలాచలమ్మప్పది
రోజూ ఒకటే మాట:
"సూడు బాబూ, మసే ఉంది, పప్పు లేదు."
వాచ్‌మన్ తవిటయ్య తల దించుకుని పొమ్మంటాడు.

నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్ల.
కాశీబుగ్గలో రైలుగేటు అవతల మా రేకుల గుడి.
రొట్టె పళ్ళెం నా వరసకి వస్తుంటే
చేతులు కొంగులో దాచుకునేదాన్ని ఏళ్ళ తరబడి,
దేవుడు చూస్తాడని కాదు,
పక్కన కూర్చున్న టీచరమ్మ చూస్తుందని.

మొన్న అయ్యగారికి జ్వరం.
సంఘపెద్ద యోబు తాత నిలబడ్డాడు.
ఒకప్పుడు మా బట్టీలోనే పిక్కలు కాల్చిన మనిషి.
రొట్టె పట్టుకున్న చెయ్యి చూశాను,
మోచేతిదాకా కాలిన మచ్చలు.
విరవడం కుదరలేదు, ఒక ముక్క పెద్దది, ఒకటి పొడి.
బల్ల మీద రాలిన పొడిని
వేలితో అద్ది నోట్లో వేసుకున్నాడు,
మేస్త్రి చూడనప్పుడు
ముక్కల బుట్ట దగ్గర మేము చేసినట్టే.
వాక్యం చదవబోతే కళ్ళజోడు లేదు.
నోటికొచ్చింది చెప్పాడు:

"తలుపులేసుకుని భయపడి కూకున్నారు ఆళ్ళు.
మద్దెకొచ్చి ఆయనేటి సేసేడు?
ముందుగాల సేతులు సూపేడర్రా.
ఆ గాయాలు సూసే పోల్చుకున్నారు."

అంతే, కూర్చున్నాడు.
ప్రసంగం అని కూడా అనలేం.
నాకు మాత్రం తవిటయ్య గొంతు వినబడింది.
గేటు దగ్గర మా వరసలో
నీలాచలమ్మప్పకీ నాకూ మధ్య ఎవరో,
అడక్క ముందే
అరచేతులు తెరిచి నిలబడ్డట్టు.

అయినా మిషను మిషనే.
సోమవారం వెళ్ళాను, మళ్ళీ ఎర్రలైటు.
"కంటిపాప చూసే మిషను వస్తాదంట, పై నెల రా" అన్నాడు.
పై నెలదాకా పొయ్యి ఆగుతుందా!

చీకటి పడ్డాక నీలాచలమ్మప్ప వచ్చింది.
ఇంట్లో దుర్గమ్మకి దీపం పెట్టి నేరుగా వచ్చినట్టుంది,
నుదుట కుంకం ఇంకా తడారలేదు.
కొంగు ముడి విప్పింది. నాలుగు సోలల బియ్యం.
"ఎప్పుడు తిరిగియ్యాలేటి?" అన్నాను.
"మీ దేవుడ్ని రాసుకోమను" అంది, వెళ్ళిపోయింది.

రాసుకునే ఉంటాడు.
అరచేతుల మీద పేర్లు చెక్కుకునే అలవాటు
ఆయనకి ఉందని విన్నాను.

బియ్యం కడుగుతుంటే ఆ నీళ్ళలో
చేతులు మణికట్టుదాకా తెల్లబడ్డాయి.
పైకి తీస్తే మళ్ళీ నల్లగానే.
ఎసరు మరిగింది.